ఎడమకొకటి, కుడికి రెండు

ఇత్తడి సామాన్లు తోమినట్టు కారు తోమకూడదని నాకు నలభై ఒకటో ఏట తెలిసింది. తెలిసేసరికి బానెట్ మీద పళ్ళెమంత మేర రంగు వెలసిపోయింది. పైగా నేను చెప్పేది కెమిస్ట్రీ. ఇంటర్ పిల్లలకు ఆమ్లాలు, క్షారాలు అంటూ రోజుకు ఆరు గంటలు గొంతు చించుకునే మనిషిని, ఒక ఆదివారం పొద్దున చింతపండు గుజ్జూ ఆకుపచ్చ స్క్రబ్బరూ పట్టుకుని కారు మీద పడ్డాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఆ పూట నాకు మాత్రం ఏడుపొచ్చింది.

అసలు ఆ మరక సంగతి చెప్పాలి. ఈ పాత కారు కొన్నప్పుడు కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి దగ్గర పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద నూనెలో కలిపిన సింధూరంతో స్వస్తిక్. "స్వామి బొట్టు మనం తుడువొద్దు, దానంతట అదే పోవాలె" అన్నారు మావయ్య, మా ఆయన వాళ్ళ నాన్న. అది పోలేదు. రెండు ఎండాకాలాలు ఎండి, రెండు వానాకాలాలు నాని, ముదురు నీలం రంగులోకి ఇంకిపోయింది. మా ఆయనకు ముదురు నీలమే కావాల్సొచ్చింది మరి. హయత్‌నగర్ దుమ్ములో నీలం కారు నీలంగా కనిపించేది నెలకు రెండు రోజులే, ఆయన బెంగళూరు నుంచి వచ్చే ఆ శని ఆదివారాల్లో. కడిగేది ఎవరో మీరే ఊహించుకోండి. అంతకుముందు వాచ్‌మన్ కడిగేవాడు. అతను ఊరెళ్ళిపోయాడు, కొత్తగా వచ్చినాయన "కార్లు మనతోని గాదు మేడమ్" అని మొదటిరోజే తేల్చేశాడు.

మేముండేది ఎల్బీ నగర్ మెట్రోకు వెనకవైపు, ఒక సందులో. పొద్దున ఆరున్నరకు దిల్‌సుఖ్‌నగర్‌లో నా మొదటి బ్యాచ్. మధ్యాహ్నం అదే కాలేజీ వాళ్ళ హయత్‌నగర్ క్యాంపస్‌లో ఇంకో రెండు క్లాసులు. ఈ రెండింటి మధ్య పరుగుకే ఆ కారు. నేను ఇల్లు కదిలేసరికి మా అమ్మాయి నిద్రలో ఉంటుంది. దాన్ని లేపి, పాలు తాగించి, ఎనిమిదిన్నరకు స్కూటర్ మీద బడిలో దింపేది మావయ్య. రెండు కిలోమీటర్లు, మధ్యలో సాగర్ రోడ్డు దాటాలి. స్కూల్ వ్యాన్ మా సందులోకి రాదు. అత్తయ్య పోయి మూడేళ్ళయింది. కాబట్టి ఆ స్కూటర్ ఉంటేనే నా ఉద్యోగం, లేకపోతే లేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను. ఆ తర్వాత నేను చేసినదానికైనా, చేయనిదానికైనా ఇదే కారణం.

స్క్రబ్బరు చప్పుడుకు మావయ్య మెట్లు దిగి వచ్చారు.

"ఏంది బిడ్డా, గిదేం చేస్తున్నవ్?"

"మరక వదలట్లేదు మావయ్యా."

ఆయన వంగి, రంగు వెలసిన చోట వేళ్ళు పెట్టి తడిమి చూశారు. తర్వాత వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"చింతపండా?"

స్క్రబ్బరును వీపు వెనక దాచుకున్నాను.

"సర్ఫుతోని కడిగినోళ్ళను చూసిన, కిరసనాయిలుతోని తుడిచినోళ్ళను చూసిన. పులుసు పెట్టినోళ్ళను ఇయ్యాలనే చూస్తున్న" అని ఆయన పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఆయన బానెట్‌కు దండం పెట్టుకున్నారు, స్వామికో కారుకో తెలియదు. "పరేషాన్ గాకు. గీతలు పడ్డయి, అంతే. పాలిష్ కొడితె పోతయి. దాని మీద వ్యాక్స్ పూయాలె. ఒక్కనాడు అయ్యేది గాదు. నేను జెప్త, నువ్వు జెయ్యి."

మావయ్యది నల్గొండ దగ్గర పల్లె. కుర్రతనంలో నగరానికొచ్చి కోఠీలో ఒక బట్టల సేట్ దగ్గర ముప్పై ఏళ్ళు డ్రైవర్‌గా చేశారు. "ముప్పై ఏండ్లల్ల బండికి ఒక్క గీత పడనియ్యలె" అనే మాట మా ఇంట్లో వారానికి ఒకసారైనా వినపడుతుంది. పెళ్ళయిన కొత్తలో మా తెనాలి వైపు చుట్టాలొస్తే వాళ్ళకూ ఇదే చెప్పారు. అప్పుడు సిగ్గుపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆయన సిగ్గుపడకుండా చెప్పుకోగలిగిన మాట అదొక్కటే అనిపిస్తుంది.

ఆ విధంగా నా ఆదివారాలు పోయాయి. వారమంతా చాక్‌పీసు పట్టి అరిగిన చేతికి ఆదివారం కూడా గుడ్డముక్క. గోరుచుట్టు మీద రోకలిపోటు. అందులోనూ ఎండాకాలం. ట్యాంకర్ నీళ్ళ మీద బతికే అపార్ట్‌మెంట్‌లో పైపు పెట్టి బండ్లు కడగకూడదని అసోసియేషన్ వాళ్ళు కాగితం అంటించారు. కారుకు రెండు బకెట్లు, అంతే.

"రెండు బకెట్లు మస్తు" అన్నారు మావయ్య. "ఒక దాంట్ల షాంపు నీళ్ళు. ఇంకోదాంట్ల ఉత్త నీళ్ళు, గుడ్డ జాడిచ్చెతందుకు. రెండూ ఒకటే జేస్తే ఏమైతది? తీసిన మట్టి మళ్ళ తెచ్చి రుద్దుతవ్."

ఎండెక్కక ముందే మొదలుపెట్టాలి. వేడి బానెట్ మీద నీళ్ళు పోయకూడదు. ముందు మగ్గుతో మెల్లగా నీళ్ళు జారవిడిచి దుమ్ము దిగనివ్వాలి, పొడి దుమ్ము మీద గుడ్డ పెడితే ఇసుక కాగితం పెట్టినట్టే. పైకప్పు నుంచి కిందికి రావాలి. చక్రాలు చివర, వాటికి గుడ్డ వేరు. చేతిలో గుడ్డ కిందపడితే ఇక అది కారుకు పనికిరాదు. నేను ఒకసారి కిందపడిన గుడ్డ దులిపి మళ్ళీ తలుపు మీద పెట్టబోతే "ఏయ్!" అని ఆయన అరిచిన అరుపుకు ఎదురింటి కుక్క లేచింది. అంతా అయ్యాక నీళ్ళు ఆరకుండానే తుడవాలి, లేకపోతే బోరు నీళ్ళు తెల్లటి చుక్కలు కడతాయి. ఎందుకు కడతాయో నాకు తెలుసు, బోర్డు మీద సమీకరణం రాసి మరీ చెప్పగలను. ఎప్పుడు తుడవాలో మాత్రం ఏడో తరగతి దాటని మావయ్యే చెప్పారు.

ఒక చిట్కా నాకు బాగా నచ్చింది. కడగడం అయ్యాక ఆయన కూరగాయల పల్చటి క్యారీబ్యాగు చేతికి తొడుక్కుని కారంతా మెల్లగా నిమిరేవారు. మధ్యలో ఆగి "ఈడ గరుకున్నది" అనేవారు. నేను కళ్ళు చిట్లించుకుని చూస్తే ఏమీ కనిపించేది కాదు. అదే కవరు నా చేతికి తొడిగి చూస్తే సన్నటి ఇసుక తగిలేది.

"కంటికి అంత మంచిగనే కనబడ్తది. చెయ్యి అబద్ధం జెప్పది బిడ్డా" అన్నారు.

ఎంత బాగా చెప్పారో అనుకుని క్లాసులో పిల్లలకు కూడా చెప్పాను ఆ మాట. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పాలిష్ రెండు ఆదివారాలు పట్టింది. పాలిషూ వ్యాక్సూ ఒకటేననుకునేదాన్ని. "ఎట్లయితది?" అన్నారాయన. "పాలిష్ అంటే గీతలు తీసుడు. వ్యాక్స్ అంటే మీద కప్పుడు. మొకం కడుక్కున్నంక పౌడర్ పూసుకుంటవా, కడుక్కోకముందే పూసుకుంటవా?" మెత్తటి గుడ్డకు బఠాణీ గింజంత పాలిష్ తీసుకుని, అరచేయంత చోటు ఎంచుకుని, గుండ్రంగా, బలం పెట్టకుండా, విసుగు లేకుండా తిప్పుతూ ఉండాలి. విసుగు లేకుండా! అది నా వల్ల అయ్యే పనేనా? పది నిమిషాలకు భుజం పీకేది. నేను పెట్టిన మచ్చ కాబట్టి నోరు మూసుకుని తిప్పాను. చింతపండు దెబ్బ తిన్న చోట మళ్ళీ నీలం తేలుతుంటే, నిజం చెప్పొద్దూ, నలుగురిని పిలిచి చూపించాలనిపించింది. స్వస్తిక్ నీడ మాత్రం పూర్తిగా పోలేదు. పక్కనుంచి చూస్తే ఇప్పటికీ లీలగా కనిపిస్తుంది.

ఈ ఆదివారాల్లో నాకు చిరాకు తెప్పించిన సంగతి ఇంకోటి ఉంది. మావయ్య ప్రతివారం బకెట్‌ను తన్నేవారు. మొదటివారం అడ్డంగా పెట్టానేమోనని నేనే సర్దుకున్నాను. రెండోవారం నిండు బకెట్ బోర్లాపడింది. ఉన్నవే రెండు బకెట్లు!

"అబ్బబ్బ, మావయ్యా! ఇంత ఎర్ర బకెట్ కనపడట్లేదా మీకు?"

"కనబడక ఏం, నువ్వే ఏడబడితె ఆడ పెడ్తవ్" అని ఆయనా గట్టిగానే అన్నారు.

మూడోవారం మళ్ళీ తన్నారు. నాలుగోవారం నుంచి నేనే బకెట్లు గోడవారకు జరిపి పెట్టడం మొదలుపెట్టాను. ఎందుకు జరుపుతున్నానని నన్ను నేను అడగలేదు. నీళ్ళు ఒలకకుండా ఉంటే చాలుననుకున్నాను.

స్కూటర్‌కు ఎడమవైపు అద్దం విరిగి అప్పటికి చాలాకాలమైంది. కూరగాయల మార్కెట్ దగ్గర ఎవరో తగిలించి పోయారన్నారు, నమ్మాను. ఒకసారి నేను సందు మొదట్లో నిలబడి చెయ్యి ఊపుతుంటే, మూడడుగుల దూరంలోంచి నన్ను దాటి వెళ్ళిపోయారు. పరధ్యానం అనుకున్నాను. దినపత్రికలో చివరి పేజీ చిన్నక్షరాలు కూడా కూడబలుక్కోకుండా చదివే మనిషికి చూపులో లోపముందని ఎవరనుకుంటారు? ఇలా నాకు నేను చెప్పుకున్న సమాధానాలు చాలా ఉన్నాయి. రోజూ పదిహేను గంటలు కాళ్ళ మీద నిలబడే మనిషికి ఇంకో ప్రశ్న వేసుకునే ఓపిక ఉండదు. ప్రశ్న వేసుకుంటే జవాబు వస్తుంది, జవాబు వస్తే పొద్దున ఆరున్నరకు నేను ఎక్కడుండాలో మళ్ళీ తేల్చుకోవాలి. అందుకే వేసుకోలేదు.

వ్యాక్స్ పూసిన ఆదివారం మబ్బుగా ఉంది. మంచి రోజన్నారు మావయ్య. పల్చగా పూసి, అది ఆరి తెల్లటి పొరలా అయ్యేవరకు ఆగి, పొడిగుడ్డతో ఆ పొర తుడిచేయాలి. నేను మొదట ముఖానికి క్రీమ్ రాసినట్టు మందంగా పూసి చీవాట్లు తిన్నాను. తర్వాత పని పంచుకున్నాం. బానెట్, పైకప్పు, కుడివైపు నావి. ఎడమవైపు రెండు తలుపులూ ఆయనవి.

"అయిపోయింది, చూస్కో ఇగ" అన్నారు నాకంటే ముందే.

నేను అటువైపు వెళ్ళాను. తలుపుల మధ్యభాగం అద్దంలా మెరుస్తోంది. నా ముఖం, జారిపోయిన జుట్టు, కళ్ళ కింద నలుపు అన్నీ కనిపించాయి. కానీ చుట్టూ, అంచుల వెంబడి, తెల్లపొర అలాగే ఉండిపోయింది. కింద, పైన, వెనక చక్రం పక్కన. బద్ధకించారేమో అనుకున్నాను మొదట.

"మావయ్యా, ఇక్కడ మిగిలిపోయింది."

"యాడ?"

"ఇక్కడే, మీ చెయ్యి పక్కనే."

ఆయన కళ్ళు తిప్పలేదు. తల మొత్తం తిప్పారు. అది చాలక ఒళ్ళంతా తిప్పి, వెతుక్కుని, అప్పుడు "ఆఁ, గిదా" అని తుడిచారు. ఇంకోచోట చూపిస్తే మళ్ళీ అంతే.

చేతిలో పసుపుపచ్చ గుడ్డ ఉంది. ఆయన తలుపు తుడుస్తుంటే ఎడమ భుజం పక్కన నిలబడి, ఆయన చెవికి సూటిగా గుడ్డను ఊపాను. తెలియలేదు. మెల్లగా ముందుకు తెచ్చాను. ఇంకా తెచ్చాను. దాదాపు ముక్కుకు ఎదురుగా వచ్చాక ఉలిక్కిపడి "ఏంది, ఈగలు కొడ్తున్నవా?" అన్నారు. నవ్వి, కుడివైపు వెళ్ళి మళ్ళీ చేశాను. ల్యాబ్‌లో పిల్లలతో చేయించినట్టు మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఒకటే ఫలితం.

అప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఏమిటో రాయడానికి సిగ్గుగా ఉంది. ఆయన కళ్ళు కాదు. స్కూటర్ వెనక కూర్చునే నా కూతురు కూడా కాదు. రేపు పొద్దున్న ఆరున్నర క్లాసు. అది ఎవరు తీసుకుంటారు అనుకున్నాను. కూతురు ఆ తర్వాత గుర్తొచ్చింది. ఒక్క క్షణమే కావచ్చు, కానీ తర్వాతే.

అంతలో అదే దిగివచ్చింది, మూతి మీద పాల మీసాలతో. రెండో తరగతి. కారు చుట్టూ తిరిగి తలుపులో ముఖం చూసుకుని నాలుక బయటపెట్టింది. నేను గొంతు మామూలుగా ఉంచుకోవడానికి ప్రయత్నించాను.

"తాతతో స్కూటర్ మీద వెళ్ళేటప్పుడు నీకు భయమెయ్యదా నాన్నా?"

"భయమెందుకు? నేనున్న కదా."

"నువ్వుంటే?"

"ఎడమ పక్క ఏమన్న వస్తే తాత వీపు మీద ఒకటి కొడ్తా. కుడి పక్క వస్తే రెండు. అది మా ఆట."

మావయ్య చెయ్యి తలుపు మీద ఆగిపోయింది.

"ఎప్పటినుంచి ఆడుతున్నారమ్మా ఈ ఆట?"

"ఫస్ట్ క్లాస్ నుంచి. నేను ఒక్కసారి కూడ తప్పు కొట్టలేదు. మొన్న బస్సు స్పీడ్‌గ వచ్చింది కదా, అప్పుడు రెండు గట్టిగ కొట్టిన, తాత ఆగిండు. తాతా, చెప్పు!" అని ఆయన వైపు తిరిగి, ఆయన ముఖం చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, సీక్రెట్. చెప్పేసిన."

దాన్ని పైకి పంపించాను. తర్వాత అరిచాను. ఏమరిచానో అన్నీ గుర్తులేవు. రెండో అంతస్తువాళ్ళు బాల్కనీలోకి వచ్చారు. ఏడేళ్ళ పిల్లను అడ్డం పెట్టుకుని సాగర్ రోడ్డు దాటిస్తారా, దానికేమైనా అయి ఉంటే మీరు బతికేవారా, నేను బతికేదాన్నా అన్నాను. "మీ డ్రైవర్ గొప్ప కోసం నా కూతురి ప్రాణాలతో ఆడుకున్నారు" అన్నాను. ఆ మాట గుర్తుంది. ఆయన చిన్న ప్లాస్టిక్ స్టూలు వెతుక్కుని కూర్చున్నారు. దానిని కూడా తడుముకునే దొరకబుచ్చుకున్నారు. ఇప్పుడు అన్నీ కనిపిస్తున్నాయి నాకు.

"గొప్ప కోసం గాదు బిడ్డా" అన్నారు. "సంవత్సరం పైనే అయితుంది. ఎదురుగ మంచిగనే కనబడ్తది. పక్కలకే తెలుస్తలేదు. మొదాలు ముసలితనం అనుకున్న. తర్వాత తెల్సింది. చెప్తే నువ్వేం జేస్తవ్? నౌకరి ఇడిచిపెడ్తవ్. ఆ చదువు చెప్పుడంటే నీకు పాణం గద, నాకు తెల్వదా? గీ ఒక్క ఏడాది ఎట్లన్న వెళ్ళదీస్తే పోరి పెద్దగైతది, వ్యాన్ కాడికి అదే నడుస్తది అనుకున్న. మెల్లగనే నడిపిన. చానా మెల్లగ. తప్పయింది. మస్తు పెద్ద తప్పయింది."

చొక్కా జేబులోంచి స్కూటర్ తాళంచెవి తీశారు. పడుకునేటప్పుడు తప్ప ఆ జేబు దాటని తాళంచెవి అది. చెయ్యి చాపి నాకు ఇవ్వలేదు. వ్యాక్స్ డబ్బా మూత మీద పెట్టి, గోడ పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయారు. నేను మిగిలిన తెల్లపొరంతా తుడిచాను. ఏడుస్తూనే తుడిచాను.

మర్నాడు సెలవు పెట్టి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. గిన్నెలాంటి మిషన్‌లో గడ్డం పెట్టించి, వెలుగుచుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. తలుపు సందులోంచి చూస్తున్నాను నేను. చుక్కలు వస్తూనే ఉన్నాయి, ఆయన వేలు కదలట్లేదు. తర్వాత ఒక కాగితం ఇచ్చారు. మధ్యలో కొంచెం తెలుపు, చుట్టూ నలుపు. మా కారు తలుపు మీద నిన్న చూసిన ఆకారమే అది, రంగులు తారుమారయ్యాయి అంతే. గ్లకోమా అన్నారు డాక్టరమ్మ, నీటికాసులు అంటారే, అదే. పోయిన చూపు రాదు, ఉన్నది పోకుండా జీవితాంతం చుక్కలమందు వేసుకోవాలి.

"ఒక ఏడాది ముందు వచ్చి ఉంటే బాగుండేదండీ" అన్నారావిడ. డాక్టర్లు మామూలుగా అనే మాటే. మావయ్య తలాడించారు. నేను కాగితం మడతపెట్టుకుంటూ ఉండిపోయాను.

మా ఆయన ఫోన్ చేసి మొదట బాధపడ్డారు, తర్వాత అడిగారు. "రోజూ చూసేది నువ్వే కదా, నీకు తెలియలేదా?"

"తెలియలేదు" అన్నాను. నెలకోసారి వచ్చి వాళ్ళ నాన్న స్కూటర్ వెనక కూర్చుని కర్మన్‌ఘాట్ వెళ్ళొచ్చే కొడుక్కు కూడా తెలియలేదు మరి. తిలాపాపం తలా పిడికెడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింట్లో లైటు వేయకుండా నిలబడ్డాను.

ఆరున్నర బ్యాచ్ వదిలేశాను. ఏడేళ్ళు నేను పెంచుకున్న బ్యాచ్. ప్రిన్సిపాల్ "ఆలోచించుకోండి మేడమ్" అన్నారు, ఆలోచించుకునేది ఏముంది? ఇప్పుడు పొద్దున కూతుర్ని నేనే కారులో దింపి, తొమ్మిదింటి క్లాసుకు పోతున్నాను. మావయ్య గేటు దాకా వచ్చి చెయ్యి ఊపుతారు. మేం కనుమరుగయ్యాక కూడా ఊపుతుంటారని కింది వాటావాళ్ళు చెప్పారు. ఇంట్లో ఆయన మాటలు తగ్గాయి. ముప్పై ఏళ్ళలో ఒక్క గీత అన్న మాట మళ్ళీ వినపడలేదు. తప్పెవరిదైనా, ఆ మాట వినపడని ఇల్లు నాకు బాగుండలేదు.

నాలుగు ఆదివారాలు కారు కడగలేదు. ఐదో ఆదివారం ఆయనే అడిగారు.

"వ్యాక్స్ మీద దుమ్ము పేరుకుంటే మంచిగుండదు. కడుగుదామా?"

ఇద్దరం దిగాం. నేను బకెట్లు తెచ్చి, అలవాటుగా గోడవారకు పెట్టాను. ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. నీళ్ళు పోస్తుంటే చుక్కలు చుక్కలుగా ముత్యాల్లా జారిపోతున్నాయి. వ్యాక్స్ పట్టిందన్నమాట. ఎవరికి చూపించను? ఆయన మిగిలిన మధ్య చూపుతో చూసి "పట్టింది" అన్నారు.

ఆ నెలంతా నేను దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"మావయ్యా, ఆ రోజు నేను మిమ్మల్ని అన్ని మాటలన్నాను. అసలు నాకు ముందే అనుమానం ఉంది. అద్దం విరిగినప్పుడే ఉంది. నా క్లాసు పోతుందని నోరు మూసుకున్నాను. మీకంటే నాదే ఎక్కువ తప్పు."

వీధిలో పాతపేపర్లవాడు అరుచుకుంటూ వెళ్ళాడు.

"నాకెర్కనే బిడ్డా" అన్నారు మావయ్య.

"ఏం తెలుసు మావయ్యా?"

"నీకు ఎర్కనే అని. నాలుగోవారం సంది బకెట్లు నువ్వే గోడకు జరిపి పెడ్తుంటివి గద."

ఆయన ముఖంలో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు. అది ఉన్నా బాగుండేది, తిట్టినా బాగుండేది. ఇద్దరం ఒకరికి ఒకరం తెలియనట్టు, అన్ని ఆదివారాలు ఒకే కారు రుద్దాం. పైకి మెరుస్తుంటే చాలనుకున్నాం.

ఆయన లేచి గుడ్డ అందుకుని ఎడమవైపు తలుపు తుడవడం మొదలుపెట్టారు. మధ్యభాగం తుడిచారు. ఎడమ అంచున నీళ్ళు ఆరడం మొదలైంది, ఇంకో నిమిషమైతే తెల్లటి చుక్కలు కడతాయి. నోటితో చెప్పవచ్చు. కానీ చెప్పలేకపోయాను. వెనక్కి వెళ్ళి నిలబడి ఆయన వీపు మీద ఎడమవైపు ఒకసారి మెల్లగా తట్టాను. ఆయన కదల్లేదు. అర్థం కాలేదేమో, అర్థమై కదల్లేకపోయారేమో తెలియదు.

మెట్ల మీద కూర్చుని మమ్మల్ని చూస్తున్న మా అమ్మాయి విసుక్కుంది.

"అంత మెల్లగ కొడితే తాతకి ఎట్ల తెలుస్తది అమ్మా? గట్టిగ కొట్టాలి."

గట్టిగా కొట్టాను. ఆయన చెయ్యి ఎడమకు జరిగింది.